పొరుగు షెడ్డుకు పోయిన పని

ఉప్పల్ కూడలినుండి హబ్సిగూడ మీదుగా నాచారమునకును, అటనుండి మల్లాపూర్, మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లిలకును వ్యాపించిన పారిశ్రామిక మండలమును బస్సు కిటికీలోనుండి చూచువారికి, పొడవైన ప్రహరీగోడల వెనుకనున్న పెద్ద సంస్థలును, వాని నడుమ సందులలో వరుసదీరిన రేకుకప్పుల షెడ్లును పరస్పర సంబంధము లేని రెండు లోకములవలె కన్పట్టవచ్చును. గోడవెనుక తయారై, పెట్టెకెక్కి, సంస్థపేరు ముద్ర వేసికొని మార్కెట్టునకు పోవు వస్తువులో ఆ సంస్థ ఉద్యోగుల చేయి పడిన భాగమెంత, పొరుగు షెడ్డులో లేతు నడిపినవాని చేయి పడిన భాగమెంత అని విడదీసి చూచినచో, రెండవ భాగము పెక్కు సందర్భములలో మనము తలచినదానికంటె పెద్దదిగా తేలును. వస్తువు మాట అటుంచి, ఆ సంస్థలో జీతముల లెక్క వ్రాయువారు, ద్వారమువద్ద కావలి కాయువారు, క్యాంటీనులో వండి వడ్డించువారు, రాత్రిపూట ఉద్యోగులను ఇండ్లకు చేర్చు కార్లు నడుపువారు, నమూనాలను పరీక్షించి ధ్రువపత్రము నిచ్చువారు కూడ వేరు సంస్థలవారే కావచ్చును. తన పనిలో కొంతభాగమును దాపుననున్న మరియొక సంస్థకు అప్పగించు ఈ పద్ధతినే మనవారు సబ్ కాంట్రాక్టు అనియు, జాబ్‌వర్క్ అనియు, ఇటీవల ఔట్‌సోర్సింగ్ అనియు పిలుచుచున్నారు. దీనిమీద ఎన్నియో కుటుంబములు బ్రతుకుచున్నవి గనుకను, దీనిలోని న్యాయాన్యాయములు సామాన్య పాఠకులకు అంతగా తెలియవు గనుకను, ఈ వ్యవహారమును నిదానముగా పరిశీలింపవలసియున్నది.

పేర్లు ఎన్ని యున్నను, పని చేతులు మారు తీరులో మౌలికమైన భేదములు కలవు. పెద్ద సంస్థ డ్రాయింగు మాత్రమిచ్చి, ఇనుమో ఇత్తడియో షెడ్డు యజమానియే కొని, భాగమును తయారుచేసి ధరకు అమ్మినచో అది సరఫరా. ముడిసరకు పెద్ద సంస్థదే అయియుండి, షెడ్డువారు తమ యంత్రమును, తమ శ్రమను మాత్రమే వినియోగించి, చేసినపనికి మాత్రమే ప్రతిఫలము పుచ్చుకొనినచో అది జాబ్‌వర్క్. ఏ వస్తువును చేతులు మారకుండ లెక్క వ్రాయుటయో, పరీక్ష చేయుటయో, టెలిఫోనులో సమాధానము చెప్పుటయో అప్పగింపబడినచో అది సేవ. మొదటిదానిలో సరకు ధర పెరిగిన నష్టము షెడ్డువారిది. రెండవదానిలో సరకు చెడిన నింద షెడ్డువారిది. మూడవదానిలో నష్టమెవ్వరిదో ఒప్పందపత్రము పూర్తిగా చదువనిదే తెలియదు.

ఈ పద్ధతి తెలుగునాటికి క్రొత్తది గాదు. ఈ మండలమునకు తూర్పుననే యున్న భూదాన్ పోచంపల్లిలో మాస్టర్ వీవరు నూలును, రంగును ఇచ్చుటయు, నేతగాడు తన ఇంటి మగ్గముమీద, ఆలుబిడ్డల సాయముతో నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, చీర నేసి కూలి పుచ్చుకొనుటయు తరతరములుగా జరుగుచున్న వ్యవహారమే. అక్కడ నూలు ఒకరిది, నైపుణ్యము మరియొకరిది, చీర మడతమీది పేరు దుకాణదారునిది. ఈ అమరికవలన వస్త్రవిద్య నిలిచినది. నేతగాని ఇల్లు మాత్రము పెక్కుచోట్ల అప్పులలో మునిగినది. నాచారపు షెడ్ల బాగోగులను తలపోయునప్పుడు ఈ పూర్వకథను మరువరాదు.

తూర్పు హైదరాబాదు ఇట్లు రూపొందుటకు ప్రభుత్వరంగ సంస్థలు ముఖ్యకారణము. 1967లో అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా జనులు ఇ.సి.ఐ.ఎల్. అని పిలుచు సంస్థ, ఏర్పడినది. దాని స్థాపనకు కారకులైన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి పేరే నేటి ఏ.ఎస్.రావు నగర్‌కు నిలిచియున్నది. 1971లో అణు ఇంధనమును తయారుచేయు న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు మౌలాలి ప్రాంతమున వెలసినది. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ పారిశ్రామికవాడలను తీర్చి, స్థలములు కేటాయించు పనిని చేపట్టినది. ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించి, తరువాత టెలివిజన్లను, ఆపై ఎన్నికల ఓటింగు యంత్రములను తయారుచేసినది. అణు కేంద్రముల నియంత్రణ పరికరములు అచ్చుగుద్దినట్లు లక్షలకొలది తయారగునవి కావు. ఒక్కొక్క పరికరమునకు రేకు పెట్టె, ట్రాన్స్‌ఫార్మరు, తీగల కట్ట, ముద్రిత సర్క్యూట్ పలక, ప్రత్యేకమైన మరలు కొద్దికొద్ది సంఖ్యలో కావలెను. ఇన్ని విధములైన పనులకు ఇన్ని యంత్రములను తన గోడలోపలనే పెట్టుకొని, సంవత్సరములో సగము దినములు వానిని పని లేక నిలిపియుంచుట ఏ సంస్థకును తగిన పని గాదు. కనుక కుషాయిగూడలో ఎలక్ట్రానిక్ కాంప్లెక్సును, చర్లపల్లి, మల్లాపూర్, నాచారములలో షెడ్లును ఈ అవసరము చుట్టును అల్లుకొనుట సహజ పరిణామము. నగరమునకు మరియొక దిక్కున, బాలానగరములో, ప్రభుత్వరంగ యంత్రపరికరముల సంస్థయగు హెచ్.ఎం.టి.లో పనిచేసిన ఇంజనీర్లు బయటికి వచ్చి 1970లో స్థాపించిన ఎం.టి.ఏ.ఆర్. సంస్థ కాలక్రమమున అణుశక్తి శాఖకును, అంతరిక్ష పరిశోధన సంస్థకును భాగములను అందించు స్థాయికి పెరిగినది. పెద్ద సంస్థలో నేర్చిన విద్య పొరుగు షెడ్డులో స్వతంత్ర జీవనముగా మారుటకు అది చక్కని నిదర్శనము.

దాపున ఉండుటవలన లాభమేమి యని అడుగువారికి, ఒక ఉక్కు బోల్టు కథను చెప్పుట మేలు. ఒక సంస్థకు జింకు పూత గల ప్రత్యేకమైన బోల్టులు కావలెననుకొందము. కడ్డీని కోసి, లేతుమీద తిప్పి, మరచుట్లు కోయు షెడ్డు ఒకటి. దానిని కొలిమిలో కాచి, నూనెలో చల్లార్చి గట్టిపరచు హీట్ ట్రీట్‌మెంటు షెడ్డు వేరొకటి. పూత పూయు ప్లేటింగు షెడ్డు ఇంకొకటి. పూత మందము 10 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతు, అనుకొనుడు. నున్నని కడ్డీమీద ఆ పూతవలన వ్యాసము పూత మందమునకు రెండింతలు, అనగా 20 మైక్రాన్లు పెరుగును. కాని 60 డిగ్రీల కోణము గల మరచుట్లమీద ఏటవాలు తలములు రెండువైపుల నుండుటచేత, నట్టు పట్టుకొను వ్యాసము నాలుగింతలు, అనగా 40 మైక్రాన్లు పెరుగును. ఈ సంగతి లేతు త్రిప్పువానికి ముందే తెలిసియుండి, ఆ మేరకు సన్నగా కోసియుండనిచో, పూత ముగిసిన తరువాత ఒక్క బోల్టుకైనను నట్టు ఎక్కదు. లేతు షెడ్డు తన గేజితో కొలిచి సరియే యనును. ప్లేటింగు షెడ్డు పూత మందము సరియే యనును. ఇద్దరును సత్యమే పలుకుదురు, సరకు మాత్రము రిజెక్షనులో పడును.

ఇట్టి చిక్కు వేయి కిలోమీటర్ల దూరమున నున్న సరఫరాదారుతో వచ్చినచో, ఉత్తరములు నడచి, నమూనాలు పార్సిలులో పోయి, దోషమెచ్చట నున్నదో తేలులోపల లాటు మొత్తము తయారై లారీ ఎక్కియుండును. నాచారములో ఐనచో, పూత పడిన మొదటి పది బోల్టులను జేబులో వేసికొని, షెడ్డు యజమాని స్కూటరుమీద వచ్చి, తనిఖీ అధికారి బల్లమీద వానిని పరచి, ఇరువురును ఒకే గేజిని చేత పట్టుకొని మాటలాడుకొందురు. మధ్యాహ్నమునకు లేతు సవరింపబడును. డ్రాయింగులో వ్రాయబడని జ్ఞానము చాల కలదు. ఏ అంచు నిజముగా ముఖ్యము, ఏ కొలత పేరునకు మాత్రమే యున్నది, ఏ ఉక్కు కాచినప్పుడు వంగును, దాని తరువాతి గ్రైండింగునకు ఎంత మిగులు ఉంచవలెను అను విషయములు కాగితముమీద కంటె చేతినుండి చేతికి, నోటినుండి నోటికి త్వరగా ప్రసరించును. అంతేకాక, కొలిమిగాని పూతతొట్టిగాని ఒక్క సంస్థ పనితో నిండునవి కావు. ముప్పది షెడ్ల సరకు చేరినప్పుడే వాని ఖర్చు గిట్టును. అందుచేత ఒక ప్లేటింగు షెడ్డు ఉన్నచోట ముప్పది లేతు షెడ్లు బ్రతుకును, ముప్పది లేతు షెడ్లు ఉన్నచోటనే ఒక ప్లేటింగు షెడ్డు నిలుచును.

ఆర్థికశాస్త్రవేత్తలు ఈ విషయమును ఎన్నడో గుర్తించిరి. 1890లో ఆల్ఫ్రెడ్ మార్షల్ తన గ్రంథములో, షెఫీల్డు కత్తుల పరిశ్రమవంటి ఉదాహరణలతో, ఒకే వృత్తివారు ఒకచోట గుమిగూడినపుడు నైపుణ్యము ఆ ఊరి సొత్తుగా మారునని వివరించెను. 1937లో రోనాల్డ్ కోస్ మరింత సూటియైన ప్రశ్న వేసెను: బజారులో సమస్తమును కొనుటకు వీలున్నప్పుడు కంపెనీలు పుట్టుట ఎందుకు? కొనుటకు కూడ ఖర్చగును గనుక, అని ఆయన సమాధానము. తగినవానిని వెదకుట, బేరమాడుట, ఒప్పందము వ్రాసికొనుట, సరకును సరిచూచుట, తగవు తీర్చుకొనుట అను ఖర్చులు లోపల మనిషిని, యంత్రమును పెట్టుకొను ఖర్చును మించినప్పుడు సంస్థ ఆ పనిని తానే చేసికొనును, తగ్గినప్పుడు బయటికిచ్చును. పొరుగువారికిచ్చుటలోని రహస్యమంతయు ఇందే కలదు. దాపు వలన వెదకుట, సరిచూచుట, తగవు తీర్చుట అను మూడు ఖర్చులును ఒక్కసారిగా తగ్గును.

బయటికి పోవు వస్తువునకు తోడుగా ఒక కాగితము కూడ పోవలెను. 2017లో వచ్చిన జి.ఎస్.టి. చట్టము ప్రకారము, యజమాని తన ముడిసరకును పన్ను కట్టకుండగనే డెలివరీ చలానుమీద జాబ్‌వర్క్ షెడ్డుకు పంపవచ్చును. అది ఒక సంవత్సరములోగా తిరిగి రావలెను, లేదా అక్కడినుండియే అమ్ముడుపోవలెను. యంత్రములకైనచో గడువు 3 సంవత్సరములు. అచ్చులు, డైలు, ఫిక్చర్లు, పనిముట్లకు ఆ గడువు లేదు. గడువు దాటినచో, పంపిన నాడే అమ్మినట్లు భావింపబడి పన్ను మీదపడును. షెడ్డు మూలలో ధూళిపట్టి మరువబడిన రెండు కడ్డీల కట్ట సంవత్సరాంతమున ఇరువురి నడుమ వైరమునకు కారణమగుట ఇందువల్లనే.

ఏ పనిని బయటికీయవచ్చును, ఏ పనిని ఈయరాదు అను విషయమున నా అభిప్రాయము నిష్కర్షగా చెప్పెదను. రూపకల్పనను, తుది తనిఖీని, కొనువానితోడి సంబంధమును చేజార్చుకొన్న సంస్థ, కొన్ని సంవత్సరములకు తన వస్తువును గూర్చి తానే ప్రశ్న వేయలేని స్థితికి వచ్చును. పని తెలిసినవారు లోపల ఒక్కరును లేనప్పుడు, పొరుగువాడు చెప్పిన ధర న్యాయమైనదో కాదో, చెప్పిన కారణము నిజమో కాదో తేల్చువారెవ్వరు? అట్లే, పని పుచ్చుకొనువాడు ఒక్క సంస్థనే నమ్ముకొనుట ప్రమాదము. ఉత్పత్తిలో సగమునకు తక్కువ కాకుండ ఇతర పరిశ్రమలకు అందించు చిన్న పరిశ్రమను పూర్వపు నిబంధనలు అనుబంధ పరిశ్రమ యని నిర్వచించినవి. ఆ భాగమంతయు ఒక్క గుమ్మమునకే చేరినచో, షెడ్డు యజమాని పేరునకు యజమానియే గాని, జీతమును, సెలవును, పింఛనును లేని ఉద్యోగియే యగును.

వస్తువుల పనితోపాటు, ఈ మండలమున విద్యావంతుల పని కూడ చేతులు మారుచున్నది. 1984లో మొదలైన విమ్టా ల్యాబ్స్ చర్లపల్లిలో మందులను, ఆహారమును, నీటిని ఇతరుల కొరకు పరీక్షించుచున్నది. 2001లో ఆరంభమైన జి.వి.కె. బయోసైన్సెస్ 2021లో అరాజెన్ అను పేరు దాల్చి, నాచారము ప్రధాన స్థానముగా, ప్రపంచమునందలి ఔషధ సంస్థల కొరకు పరిశోధన సాగించుచున్నది. అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1997లో తన కార్యాలయపు పనులకై మనదేశమున నెలకొల్పిన విభాగము, 2005లో వేరుపడి జెన్‌పాక్ట్ అను పేరు పొందినది. ఉప్పల్ పారిశ్రామికవాడలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.)కు ఎదురుగా దానికి విశాలమైన ఆవరణ కలదు. ఒకప్పుడు యంత్రముల మోతకు పేరుపొందిన చోట, సముద్రములకు ఆవలనున్న సంస్థల బిల్లులు సరిచూడబడుచున్నవి. దాపున ఉండుట గొప్ప లాభమని ఇంతవరకు చెప్పితిని గదా, ఇంత దూరపు పని ఇచ్చటికెట్లు వచ్చినది? బిల్లునకు బరువు లేదు. తీగపై క్షణములో వచ్చును, క్షణములో పోవును. అయినను ఆ దూరపు పనియే దాపుపనిని సృష్టించుచున్నది. రాత్రి రెండుగంటలకు పని ముగిసిన ఉద్యోగినిని ఇల్లు చేర్చు వాహనము, ఆమె తిను భోజనము, ఆమె కూర్చున్న గది శుభ్రత, గేటుకడ కావలి, ఇవన్నియు తీగపై రానేరవు. చుట్టుప్రక్కల సంస్థలే వానిని సమకూర్పవలెను.

ఇచ్చటనే ఒక జాగ్రత్త అవసరము. పనిని మరొక సంస్థకు అప్పగించుట వేరు, మనుష్యులను మాత్రము మరొకరి పేరున పెట్టుకొని పని తానే చేయించుకొనుట వేరు. రెండవది పెక్కుచోట్ల జీతము తగ్గించుటకు, బాధ్యత తప్పించుకొనుటకు దారియైనది. కాంట్రాక్టరు కూలి చెల్లింపనిచో ప్రధాన యజమానియే చెల్లింపవలెనను సూత్రమును 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే స్థాపించినది. ఊడ్చువారు, కావలి కాయువారు ఎవరి జాబితాలో నున్నను, ఎవరి నేలమీద పనిచేయుచున్నారో వారిదే తుది బాధ్యత యగుట న్యాయము.

నగరము పెరిగి ఈ పారిశ్రామికవాడలను చుట్టుముట్టినది. 2017 నవంబరులో నాగోలునుండి మెట్రో రైలు నడచిన తరువాత ఉప్పల్, హబ్సిగూడలు నగర మధ్యములైనవి; భూమి విలువ పెరిగినది. కాలుష్యము గల పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు వెలుపలికి తరలింపవలెననియు, ఐ.టి. పరిశ్రమను తూర్పునకు కూడ విస్తరింపజేయవలెననియు ప్రభుత్వములు తలపెట్టుచున్నవి. పూతతొట్ల మలిననీటిని సహించుడని మల్లాపూర్ నివాసులకు చెప్పుటకు ఎవ్వరికిని అధికారము లేదు. వారి ఫిర్యాదు న్యాయమైనది. అయినను షెడ్లను ఒక్కొక్కటిగా, ఒక్కొక్క దిక్కునకు తరలించినచో, లేతు షెడ్డు ఒకచోట, కొలిమి ఇరువది మైళ్ల అవతల, పూతతొట్టి మరియొక జిల్లాలో పడి, ఏబది సంవత్సరములలో అల్లుకొనిన సంబంధము ఒక్క దశాబ్దములో తెగిపోవును. తరలింపు తప్పనిదైనచో, ఉమ్మడి మలినజల శుద్ధి కేంద్రముతో సహా, పరస్పరాధారములైన షెడ్లన్నిటిని ఒకేచోటికి తరలించుట ప్రభుత్వధర్మము.

వీనియన్నిటికంటె పెద్ద బాధ మరియొకటి కలదు. అది బిల్లు. సరకు అందినది, వాడబడినది, అమ్ముడుపోయినది; షెడ్డువారి సొమ్ము మాత్రము చేతికి రాదు. తొంబది దినములు, నూటయిరువది దినములు వేచియుండుట సామాన్యమైనది. ఈలోపల విద్యుత్తు బిల్లు ఆగదు, శనివారపు కూలి ఆగదు, బ్యాంకు వడ్డీ ఆగదు. నిజమునకు ఇది చిన్నవాడు పెద్దవానికి వడ్డీ లేక ఇచ్చిన అప్పే. జపాను దేశము 1956లోనే, సబ్ కాంట్రాక్టు సొమ్ము చెల్లింపులో జాప్యమును అరికట్టుటకు చట్టము చేసినది. మనకు 1993లో ఒక చట్టము వచ్చినది. దాని స్థానమున 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము మరింత గట్టి నియమములను తెచ్చినది. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిచో 15 దినములలోను, ఉన్నను 45 దినములకు మించకుండను, సూక్ష్మ, చిన్న సంస్థలకు సొమ్ము చెల్లింపవలెను. సరకు అందిన 15 దినములలోగా వ్రాతమూలకముగా అభ్యంతరము తెలుపనిచో, అంగీకరించినట్లే యగును. గడువు మీరినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ, నెలనెలకు లెక్కకట్టి, చెల్లింపవలెను. తగవు ఈ చట్టము క్రింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిలునకు పోవును. అది ఇచ్చిన తీర్పును న్యాయస్థానములో సవాలు చేయదలచిన కొనుగోలుదారు 75 శాతము సొమ్మును ముందుగా జమచేయవలెను.

చట్టమింత గట్టిదైనను ఫిర్యాదు చేయు చేతులు వణకుచున్నవి. పనిని తెచ్చిన ఆ సామీప్యమే షెడ్డువారి నోటిని కట్టివేయుచున్నది. ఎదుటి వీథిలోని సంస్థపై కౌన్సిలునకు అర్జీ పెట్టినవానికి మరుసటి ఆర్డరు రాదు; ఆ వార్త సాయంకాలమునకు పారిశ్రామికవాడ అంతట తెలిసి, మరియొక సంస్థ కూడ వెనుదీయును. అందుచేతనే, ఫిర్యాదుతో పనిలేక తనంతట తాను పనిచేయు నియమము ఎక్కువ మేలు చేయును. 2023 ఆర్థిక చట్టము ద్వారా ఆదాయపు పన్నులో అట్టి నియమమొకటి చేరి, 2024-25 మదింపు సంవత్సరమునుండి అమలైనది. సూక్ష్మ, చిన్న సంస్థల సొమ్మును చట్టపు గడువులోగా చెల్లింపనిచో, చెల్లించిన సంవత్సరమున తప్ప దానిని ఖర్చుగా చూపుటకు వీలు లేదు. ఇందువలన కొనుగోలుదారులు చిన్నవారిని విడిచి మధ్యతరహా సంస్థలకు పని మరల్చుదురను భయము వ్యాపారవర్గములలో వినిపించినది. ఆ భయము నిరాధారము గాదు. అయినను, అప్పుగా పుచ్చుకొన్న పనికి గడువు పెట్టుట తప్పని నేననజాలను.

నాచారము, మల్లాపూర్, చర్లపల్లి షెడ్ల యజమానులకు నా మనవి యిది. 2020 జూలైనుండి ఉచితముగా జరుగుచున్న ఉద్యమ్ అను చిన్న పరిశ్రమల నమోదును ఆర్డరు పుచ్చుకొనుటకు ముందే చేసికొనుడు. ఆ సంఖ్యను ప్రతి బిల్లుమీదను అచ్చువేయించుడు. సరకు అందిన తేదీని చలానుమీద గేటుకడనే సంతకముతో వ్రాయించుకొనుడు. గడువు ఎన్ని దినములో ఆర్డరు కాగితములోనే వ్రాయుమని అడుగుడు. ఒక్కరుగా అర్జీ పెట్టుటకు వెరచినచో, మీ పారిశ్రామికవాడ సంఘము పక్షమున బాకీల జాబితాను మూడు నెలలకొకసారి సంస్థల ముందుంచుడు. పెద్ద సంస్థల కొనుగోలు అధికారులకు వేరుగా చెప్పవలసినది ఒక్కటే: మీ మేజామీది బిల్లు 45వ దినము దాటకుండ సంతకము చేసి పంపుడు.